తన లోకమును తానే దిద్దుకొనిన రచయిత్రి

గడచిన వేసవి సెలవులలో మా యింట రాత్రి భోజనములైన పిమ్మట ఒక ఆంగ్ల కథాగ్రంథమును పైకి చదివి, పిల్లలకు తెలుగున అర్థము చెప్పుచుంటిమి. ఊర్సులా లెగ్విన్ అను అమెరికా రచయిత్రి 1968లో ప్రకటించిన ‘ఎ విజర్డ్ ఆఫ్ ఎర్త్‌సీ’ యను గ్రంథమది. మేకలు కాచుకొను ఒక పల్లెటూరి బాలుడు మంత్రవిద్యయందు పుట్టుకతోనే నేర్పు గలవాడై, ఒక గురువు నాశ్రయించి, పిదప రోక్ అను దీవిలోని విద్యాపీఠమునకు ఓడ యెక్కి పోవును. ఆ ఘట్టమునకు వచ్చునప్పటికి మా పండ్రెండేండ్ల కుమార్తె “నాన్నగారూ, ఆ బడిలో ఆడపిల్లలు లేరా?” అని యడిగెను. లేరంటిమి. “ఎందుకు లేరు?” అనెను. ఇది పూర్వకాలపు కథ తల్లీ యని చెప్పి ముందుకు సాగబోయితిమి. ఆ మాట మాకే రుచింపక పుస్తకము మూసితిమి.

ఏ పూర్వకాలము? ఆ దీవులు ఏ దేశపటములోను లేవు. ఆ సముద్రమును, దానిమీది పడవలను, ఆ బడిని, బడిలోని తొమ్మండుగురు ఆచార్యులను ఒక స్త్రీ తన యింట బల్లముందు కూర్చుండి కల్పించినది. అచ్చట మన స్మృతులు లేవు, మన పీఠాధిపతులు లేరు. బాలికలకు బడి తలుపు మూయు పెద్దలు ఆమె కల్పింపనిదే అచ్చట పుట్టరు. అట్లయ్యు తలుపు మూసియే యున్నది. ఈ గ్రంథమును అంతకుముందు రెండుమాఱులు చదివిన మాకు, ఇరువది యేండ్లుగా బాలబాలికలను ఒక్క గదిలో కూర్చుండబెట్టి పాఠము చెప్పుచున్న మాకు, ఈ సంగతి కంటబడలేదు. ఆ రాత్రి కలిగిన సిగ్గే ఈ వ్యాసమునకు కారణము. అయితే విచారింపగా, మా బిడ్డ యడిగిన ప్రశ్నను ఆ రచయిత్రియే తన్ను తాను అడుగుకొని, జవాబు వ్రాయుటకు పదునెనిమిదేండ్లు తీసికొనినదని తెలిసినది. ఆ చరిత్రమే మేము ఇచ్చట చెప్పదలచినది.

అద్భుతకథలనిన మనలో చదువుకొన్నవారికి కొంత చిన్నచూపు కలదు. కాశీమజిలీకథలు ఒకప్పుడు ఎన్ని యిండ్లలో లేవు! చదివినవారు వేలు, చదివితిమని పదిమందిలో చెప్పుకొనినవారు మాత్రము తక్కువ. సంస్కరణాభిలాషులకు ఈ చిన్నచూపు మఱికొంత హెచ్చు. దయ్యములను, చేతబడులను జనుల మనస్సులనుండి తఱుమవలెనని పాటుపడువారు మాంత్రికుని నాయకునిగా జేసిన పుస్తకమును పిల్లల చేతికిత్తురా యని వారి యాక్షేపణ. ఇట్టివారు అమెరికాలోను కలరు. కథలు చదువుట, అందును లేనిపోని కథలు చదువుట, సంపాదనాపరులైన మగవారికి తగని కాలహరణమని తలచు తన దేశీయులను గూర్చి లెగ్విన్ 1974లో ఒక వ్యాసము వ్రాసి, అమెరికావారు డ్రాగనులకేల జంకుదురని దానికి శీర్షిక పెట్టెను. డ్రాగననగా ఱెక్కలు గలిగి నిప్పులు క్రక్కు మహాసర్పము. మన పురాణములలో దానికి సరిజోడు లేదు గనుక ఆ పేరే యుంచుచున్నాము.

మన సంస్కర్తలలో అగ్రగణ్యులైన వీరేశలింగము పంతులుగారు మాత్రము ఈ త్రోవను నీచముగా చూచినవారు కారు. వారి ‘సత్యరాజా పూర్వదేశయాత్రలు’ స్విఫ్టు వ్రాసిన గలివరు యాత్రల జాడలలో నడచిన గ్రంథము. అందలి ఆడుమళయాళమున అధికారము స్త్రీలది. మన యిండ్లలో స్త్రీలు పడు పాట్లు అచ్చట పురుషులు పడుదురు. చదువరి నవ్వును, నవ్విన వెంటనే తన యింటి సంగతి తలపునకు వచ్చి ముఖము దించుకొనును. పంతులుగారు ముందుగనే సంకల్పించి, ఉన్న లోకమును తలక్రిందులు చేసి చూపిరి. లెగ్విన్ పని అట్టిది కాదు. ఆమె లోకమును పునాదినుండి కట్టును: నేల, నీరు, గాలులు, తిండి, పాటలు, సామెతలు, శాపనార్థములు. ఇట్లు కట్టునపుడు కవి తెలిసి తెచ్చిపెట్టిన సామగ్రి కొంత. తెలియకయే పుట్టినింటినుండి వెంట వచ్చినది కొంత. ఈ రెండవ జాతి సామగ్రిని కనిపెట్టుట కట్టినవారికే మిక్కిలి కష్టము.

ఆమె పుట్టినిల్లు సామాన్యమైనది కాదు. కాలిఫోర్నియాలోని బర్క్‌లీ నగరమున 1929 అక్టోబరు 21వ తేదీన ఆమె జన్మించెను. తండ్రి ఆల్ఫ్రెడ్ క్రోబర్ అమెరికా ఆదిమజాతుల భాషలను, ఆచారములను పరిశీలించిన పండితులలో పేరెన్నిక గన్నవాడు. తల్లి థియడోరా మొదటి భర్త మరణించిన పిదప ఇద్దఱు కొడుకులతో వచ్చి 1926లో క్రోబరును వివాహమాడెను. ఆ రెండవ వివాహమున కలిగిన సంతానములో ఊర్సులా చిన్నది. రాజమహేంద్రవరమున 1881లో తొలి వితంతు వివాహము జరిగినపుడు పెండ్లివారికి కలిగిన యిక్కట్లు చదివిన మనకు ఈ సంగతి యొక్క నిమిషము నిలిచి చూడదగినది. ఆ తల్లి పిల్లలను పెంచి పెద్దచేసిన తరువాతనే కలము పట్టి, అఱువది దాటిన వయస్సున, 1961లో, ‘ఇషీ’ యను ఆదిమవాసి జీవితచరిత్రమును ప్రకటించి ప్రసిద్ధి గాంచెను.

ఆ ఇషీ కథ కొంచెము చెప్పవలయును. యాహీ యను తెగవారినందఱిని తెల్లవారు వేటాడి నాశనము చేయగా మిగిలిన యొక్కడు 1911లో ఆకలితో ఓరోవిల్ గ్రామమునకు వచ్చిపడెను. క్రోబరు మొదలగువారు అతనిని సాన్‌ఫ్రాన్‌సిస్కోలోని వస్తుప్రదర్శనశాలలో ఉంచుకొని అతని భాష నేర్చుకొనిరి. 1916లో క్షయవ్యాధితో అతడు మరణించెను. తన పేరు మాత్రము ఎవ్వరికిని చెప్పలేదు. తన పేరు తాను పలుకుట ఆ తెగ మర్యాద కాదు. ఇషీ యనగా ఆ భాషలో మనిషి యని మాత్రమే యర్థము. ఊర్సులా పుట్టునప్పటికి అతడు పోయి పదుమూడేండ్లయినది. అయినను నాపా లోయలోని వారి వేసవి తోటయింటికి ఆదిమజాతులవారు తండ్రి మిత్రులుగా వచ్చి వారములకొలది ఉండెడివారు. తండ్రి పిల్లలకు వారి కథలను చెప్పెడివాడు. మనుష్యులు బ్రదుకుటకు మార్గములు అనేకములనియు, తన జాతి మార్గము వానిలో ఒకటి మాత్రమేయనియు ఆ బాలిక చిన్ననాటనే యెఱుగును. ఇంత యెఱిగిన యింటిలో పెరిగిన కల్పన కూడ ఒకచోట కన్ను మూసికొనెనే యన్నదే మాకు ఆలోచింపదగినదిగా తోచుచున్నది.

ఆమె విద్యాభ్యాసము త్వరగా చెప్పవచ్చును. 1951లో రాడ్‌క్లిఫ్ కళాశాలలోను, 1952లో కొలంబియా విశ్వవిద్యాలయమునను పట్టములు పొంది, ఫ్రెంచి సాహిత్యమున పరిశోధనకై 1953లో ఫ్రాన్సునకు ఓడమీద పోవుచు, చార్లెస్ లెగ్విన్ అను చరిత్ర విద్యార్థిని ఆ ఓడలోనే కలిసికొని, ఆ సంవత్సరమే పారిసు నగరమున అతనిని వివాహమాడెను. పరిశోధన నిలిచిపోయినది. పిదప ఆరెగాన్ రాష్ట్రములోని పోర్ట్‌లండు నగరమున కాపురము. ఇద్దఱు కుమార్తెలు, ఒక కుమారుడు. పగలు బిడ్డల పని, రాత్రి వారు నిద్రించిన తరువాత వ్రాత. ఇంటిపని, పిల్లల పెంపకము భర్త తనతో పాటు మోసెననియు, లేనియెడల తన పుస్తకములు పుట్టియుండవనియు ఆమె కృతజ్ఞతతో చెప్పుకొనెను. ఆ పురుషుని పేరు సాహిత్యచరిత్రలలో అడుగుననే యుండును గాని, మా పాఠకులలో భర్తలైనవారు గుర్తుంచుకొనవలయునని మనవి.

ఇక గ్రంథములు. పిల్లలు పెద్దలగుచున్న వయస్సువారికి ఒక కథ వ్రాసియిమ్మని బర్క్‌లీలోని పార్నసస్ ప్రెస్ అను చిన్న ప్రకటనాలయమువారు అడుగగా 1968లో మొదటి గ్రంథము వచ్చినది. 1971లో ‘ది టూంబ్స్ ఆఫ్ అటువాన్’, 1972లో ‘ది ఫార్దెస్ట్ షోర్’ వచ్చినవి. ఈ కడపటిదానికి 1973లో అమెరికా జాతీయ గ్రంథ పురస్కారము లభించెను. మూడింటికిని కథాస్థానము ఎర్త్‌సీ యను దీవుల లోకము. ఆ లోకమున ప్రతి వస్తువునకును, ప్రతి ప్రాణికిని సత్యనామ మొకటి యున్నది. సృష్టి జరిగిన భాషలోని మాట యది. అది తెలిసినవానికి ఆ వస్తువు వశమగును. మనుష్యులకు వాడుక పేరు వేఱు, సత్యనామము వేఱు. యౌవనారంభమున గురువు ఆ పేరును చెవిలో చెప్పును. దానిని ప్రాణమిచ్చు నమ్మకము గలవారికి తప్ప చెప్పరాదు. మన గృహ్యసూత్రములలో తల్లిదండ్రులకు మాత్రమే తెలిసియుండి ఉపనయనమువఱకు దాచబడు గుహ్యనామము విధింపబడినది. భర్త పేరు నోట పలుకని యిల్లాండ్రను మనము నేటికిని చూచుచున్నాము. ఇషీ సంగతి పైన చెప్పితిమి. ఈ మూడింటిని మనస్సున ఉంచుకొని చదువు తెలుగు పాఠకునకు ఆ దీవులు పరాయిదేశముగా తోపవు. శబ్దమే జగత్కారణమని చెప్పిన భర్తృహరిని చదివినవారికి రోక్ విద్యాపీఠములోని నామాచార్యుడు దూరపు చుట్టమువలె నుండును.

మొదటి గ్రంథనాయకుడు గెడ్. గర్వముచే, సహాధ్యాయి యెదుట తన శక్తి చూపబోయి, మృతులలోకమునుండి ఒక నల్లని నీడను పిలిచి విడిచిపెట్టును. ఆ నీడ వానిని దీవినుండి దీవికి తఱుమును. తుదకు వాడే వెనుదిరిగి దానిని తఱిమి, సముద్రపు అంచున పట్టుకొని, దానికి తన పేరే పెట్టి పిలుచును. శత్రువును చంపుటతో ముగియు కథలే కథలని తలచు కుఱ్ఱవారికి ఈ ముగింపు చదివి చెప్పినపుడు మా తరగతిలో కొంతసేపు ఎవ్వరును మాటాడలేదు. గెడ్ చర్మము రాగివన్నె. వాని ప్రాణమిత్రుడు వెచ్ నల్లనివాడు. తెల్లవారు ఈ లోకమున దండెత్తివచ్చు అనాగరకులు. 1968 నాటి అమెరికాలో ఇది తెలిసి చేసిన పని, సాహసపు పని. 2004లో ఈ కథను టెలివిజన్‌కు ఎత్తినవారు గెడ్‌ను తెల్లవానిని జేయగా ఆమె బహిరంగముగా నిరసించెను. వర్ణవిషయమున ఆమె కన్ను అంత నిశితము.

ఆ కన్నే స్త్రీల విషయమున ఏమి చూచినది? మొదటి గ్రంథములో చెప్పుకొనదగిన స్త్రీలు ముగ్గురు. ఒకతె గెడ్ మేనత్త కాని పినతల్లి కాని యగు పల్లె మంత్రగత్తె, అఱకొఱ చదువుది. ఒకతె వానిని మాయలో దింపజూచిన సొగసుకత్తె. మూడవది వెచ్ చెల్లెలు, మంచిది, ఇంటిపట్టున రొట్టెలు కాల్చుకొనునది. రోక్‌లో స్త్రీకి ప్రవేశము లేదు. ఆడుదాని మంత్రము బలహీనమనియు, దుష్టమనియు ఆ దేశమున సామెతలు కలవు. ఆ సామెతలను కల్పించినది ఆమెయే. రెండవ గ్రంథమున నాయిక యున్నది నిజమే. టెనార్ అను బాలికను పసితనముననే తల్లిదండ్రులనుండి తీసికొనిపోయి, పేరు తుడిచివేసి, సమాధులక్రింది చీకటి దేవతలకు పూజారిణిని జేయుదురు. దేవదాసీ వ్యవస్థను గూర్చి చదివినవారికి ఆ గ్రంథము గుండె పట్టివేయును. కాని ఆమె చెఱ వీడుట గెడ్ వచ్చి, ఆమె మఱచిన పేరు ఆమెకు చెప్పిన తరువాతనే. మూడవదానిలో ఆమెయు లేదు. మగవారే సముద్రములు దాటుదురు, మగవారే మృత్యువును జయింతురు.

ఇది కపటము కాదు, ద్వేషము కాదు. వీరకథ యనునది మగవాని కథయని వేయేండ్లుగా స్థిరపడియున్నది. ఆమె చదివినవన్నియు అట్టివే. వ్రాయుటకు కూర్చుండినపుడు ఆ త్రోవ దానంతట అదే కాలిక్రిందికి వచ్చినది. 1992లో ఆక్స్‌ఫర్డున ఇచ్చిన ఉపన్యాసమున ఆమె ఈ సంగతిని దాపరికము లేక ఒప్పుకొనెను. ఇంతకును లోకము ఆమెతో ఎట్లు నడచినదో కూడ చెప్పవలెను. 1969లో ఒక పురుషుల పత్రికవారు ఆమె కథను తీసికొని, స్త్రీ పేరు చూచి పాఠకులు జంకుదురేమో, పొడి అక్షరములతో సంతకము చేయుదువా యని యడిగిరి. ఆమె సమ్మతించెను. తరువాత చాలకాలము ఆ సమ్మతిని తలచి నొచ్చుకొనెను.

ఇదే కాలపు మఱియొక గ్రంథము ‘ది లెఫ్ట్ హాండ్ ఆఫ్ డార్క్‌నెస్’, 1969. అందలి మంచులోకపు జనులకు స్త్రీపుంభేదము స్థిరముగా లేదు. ప్రతివారును కొన్ని దినములు మాత్రమే స్త్రీయో పురుషుడో యగుదురు; ఒకే వ్యక్తి యొకరికి తల్లియు, మఱియొకరికి తండ్రియు కావచ్చును. ఇంతటి కల్పన చేసి, ఆ జనులందఱిని చెప్పుటకు ఆంగ్లములోని పుంలింగ సర్వనామమునే ఆమె వాడెను. ఫలితముగా చదువరి కన్నులయెదుట మగవారే తిరుగుదురు. వ్యాకరణము చెప్పి బ్రదుకు మావంటివారికి ఇది మిక్కిలి రుచించు విషయము. సంస్కృతమున స్త్రీపురుషులను కలిపి చెప్పునపుడు పుంలింగపదమే మిగులునని పాణిని ఏకశేషమును విధించెను. మన తెలుగు మఱియొక మెట్టు పైన నున్నది: మగవాడు మహత్తు, ఏకవచనమున స్త్రీయు, పశువును, రాయియు ఒకే క్రియతో ‘వచ్చినది’. బాలవ్యాకరణమును ఎన్నియో యేండ్లు బోధించితిమి. ఇందులో ఆలోచింపవలసినది యున్నదని ఏ విద్యార్థినియు మమ్మడుగలేదు, మేమును అడుగుకొనలేదు. ఈ వ్యాసములో ఆమెను గూర్చి మేము వాడుచున్న క్రియలను చూచుకొనినను చాలును.

విమర్శకులు తప్పు పట్టగా లెగ్విన్ 1976లో ఒక సమాధానవ్యాసము వ్రాసి, పుంలింగ సర్వనామము ఉభయసాధారణమే, భాషను విఱువజాలనని తన్ను సమర్థించుకొనెను. 1987లో ఆ వ్యాసమునకే తిరిగివచ్చి, తాను పొరబడితినని వ్రాసెను. వ్రాసిన విధము చూడుడు: పాత వ్యాసములో ఒక్క మాటయు తీసివేయలేదు. దాని ప్రక్కనే, పేరా పేరాకును, క్రొత్త యభిప్రాయమును చేర్చి రెండింటిని కలిపి ప్రకటించెను. తన తప్పు తనకు తెలిసిన గ్రంథకర్తలు చేయు పని సాధారణముగా రెండవ కూర్పున దానిని నిశ్శబ్దముగా దిద్దుట. ఈమె తప్పును, దిద్దుబాటును ఒకే పుటలో నిలిపినది. మా పాతికేండ్ల పాఠముల టిప్పణములను ఇట్లు అచ్చువేయుటకు మాకు ధైర్యము చాలదు.

ఎర్త్‌సీని దిద్దుటకు ఇంతకంటె కష్టమైనది. అచ్చట మార్చవలసినది సర్వనామము కాదు, లోకము. నాలుగవ గ్రంథమును మూడవదాని వెంటనే తలపెట్టి, సాగక నిలిపివేసితినని ఆమెయే చెప్పినది. టెనార్ ఏమయినదో ఆమెకు తెలియలేదు. స్త్రీ విమోచనోద్యమపు గ్రంథములు, స్త్రీల చరిత్రములు చదివి, స్త్రీగా వ్రాయుట యననేమో నేర్చికొని, 1990లో ‘టెహాను’ ప్రకటించెను. ఎర్త్‌సీ కడపటి గ్రంథమని దానికి ఉపశీర్షిక. అది కడపటిది కాలేదు.

ఈ గ్రంథము తెఱచి వీరకథ కొఱకు చూచువారు నిరాశ పడుదురు. టెనార్ ఇప్పుడు నడివయస్సు దాటుచున్న రైతు వితంతువు. యౌవనమున మహామాంత్రికుడైన ఓగియన్ ఆమెను బిడ్డవలె ఉంచుకొని తన విద్య నేర్పబోగా, అది తనది కాదని విడిచి, పల్లెలో ఒక రైతును పెండ్లాడి, ఇద్దఱు బిడ్డలను కని, మేకలను, పెరటితోటను చూచుకొని యుండెను. ఇంతలో దేశద్రిమ్మరులు కొందఱు తమ బిడ్డనే చెఱచి, కొట్టి, నిప్పులో త్రోసి పోవుదురు. ముఖమున సగము, చేయి యొకటి కాలిపోయిన ఆ పసిపిల్లను టెనార్ తెచ్చి పెంచుకొనును. గెడ్ మంత్రశక్తి యంతయు వ్యయమై, డ్రాగను వీపున మూర్ఛితుడై ఆమె వాకిట దిగును. ఆ మహామాంత్రికుడు ఇప్పుడు మేకలు కాచుకొను మామూలు మనిషి. శక్తి పోయిన సిగ్గుతో మనుష్యుల మొగము చూడలేడు. టెనార్ వానికి గంజి కాచి పోయును, కసరును, ఓర్చుకొనును. తుదకు వారిద్దఱు దంపతులగుదురు.

మొదటి మూడు గ్రంథములలో శక్తి యననేమి యని ఎవ్వరును అడుగలేదు. ఎవరికెంత యున్నదన్నదే ప్రశ్న. ఇచ్చట టెనార్ వీథిలోని మంత్రగత్తెతో మాటాడుచు, గెడ్‌తో వాదించుచు, అడుగునది వేఱు: మగవాని శక్తి పోయిన మగవాడు ఏమి మిగులును? ఆడుదానికి శక్తియే లేదన్నచో ఆమెను చూచి అంత భయమెందుకు? పెద్ద పెద్ద యుద్ధములు గల గ్రంథములకంటె ఈమె వంటయింటి దృశ్యమొకటి మా మనస్సున నాటినది. సముద్రయానమునకు పోయిన కొడుకు చాలకాలమునకు ఇల్లు చేరి, తల్లి వడ్డించినది తిని, పళ్లెము తీయుమనినపుడు అది ఆడువారి పని యని విడిచి లేచిపోవును. తల్లి కోపింపదు. తాను పెంచిన బిడ్డయే గదా; ఎక్కడ పొరబడితినని ఆలోచించుకొనును. కాలిన పిల్లకు లోకమెట్లు న్యాయము చేయునన్న ప్రశ్నతో సమానముగా ఈ పళ్లెమును ఆమె తూచినది. మన స్త్రీవిద్యోద్యమము బాలికలను బడికి పంపుటవఱకు వచ్చినది. కొడుకు పళ్లెమువఱకు ఇంకను పూర్తిగా రాలేదు. మా యింటను రాలేదు.

గ్రంథమున దోషములు లేవనము. దుష్టులందఱును మగవారగుట, వారి దుష్టత్వమునకు స్త్రీద్వేషము తప్ప వేఱు లోతు లేకపోవుట మొదటి దోషము. మొదటి గ్రంథములో గెడ్ నీడ గెడ్‌లోనే యున్నది. ఇచ్చటి దుష్టమాంత్రికుని నీడ ఎవరిలోను లేదు. వాడు తెరమీది రాక్షసుడు. తన పాతతప్పును దిద్దు తొందరలో ఆమె తన గొప్ప సత్యమును ఒకటి మఱచినదేమోయని తోచును. రెండవది ముగింపు. పుటలకొలది నిదానముగా, పాలు పొంగునట్లు నడచిన కథ, తుది ఘట్టమున కాలిన బిడ్డ డ్రాగను జాతిదని తెలియుటతో, అది పిలువగా మహాసర్పము దిగివచ్చి దుష్టులను దహించుటతో ఒక్కసారిగా తీఱిపోవును. న్యాయము ఆకాశమునుండి ఊడిపడినది. పాతకథలలో మాంత్రికుడు చేయు పనిని ఇచ్చట డ్రాగను చేసినది, అంతే గదా యని మా యాక్షేపణ. తరువాతి కథలలో ఆ బిడ్డ టెహాను భవిష్యత్తును ఆమె మఱింత యోపికతో చెప్పినది.

2001లో రెండు గ్రంథములు ఒకే సంవత్సరమున వచ్చినవి. వానిలో ‘టేల్స్ ఫ్రమ్ ఎర్త్‌సీ’ యను కథాసంపుటమున మొదటి కథ మన సంస్కర్తలు తప్పక చదువదగినది. రోక్ విద్యాపీఠము ఎట్లు పుట్టినదో అందు చెప్పబడినది. దుర్మార్గపు దొరల కాలమున, రహస్యముగా ఒకరినొకరు కాపాడుకొనుచు, చదువును దాచి నిలిపిన జనులలో స్త్రీలే హెచ్చు. పీఠమును స్థాపించినవారిలో వారు ముఖ్యులు. స్త్రీకి తగదన్న నియమము తరువాతి కాలమున మగ ఆచార్యులు చేర్చినది. అనగా మా బిడ్డ ప్రశ్నకు ఇదియే జవాబు: ఆ బడిలో ఒకప్పుడు ఆడపిల్లలుండిరి, పిమ్మట వెలివేసిరి, వెలివేసిన సంగతిని మఱచిపోయిరి.

ఇది మనమెఱిగిన వాదమే. గార్గి బ్రహ్మవాదిని గాదా, మైత్రేయి విద్యావతి గాదా, స్త్రీకి విద్య నిషేధించుట నడుమ వచ్చిన దురాచారమే గదా యని మన పెద్దలు వాదించి గెలిచిరి. వారికి మేము ఋణపడియున్నాము. కాని ఈ వాదమున ఒక చిక్కు కలదు. పూర్వము ఉండెను గనుక ఇప్పుడు ఉండవలెనన్నచో, పూర్వము లేనిదానిని కోరుటకు హక్కు లేదా? గార్గి పుట్టకపోయినచో మన బాలికలు బడికి పోరాదా? లెగ్విన్ తన లోకమునకు తానే విధాత కావున ఆదియుగమును తన యిష్టము వచ్చినట్లు వ్రాసికొనగలదు; మనకు ఆ సౌకర్యము లేదు. ఈ కథ చదివి మేము ఆనందించితిమి, ఆ యానందమును అనుమానించితిమి కూడ. ఆ సంపుటములోనే ‘డ్రాగన్‌ఫ్లై’ యను కథ యున్నది. ఇరియన్ అను పల్లెపిల్ల రోక్ తలుపు తట్టును. పూర్వచరిత్ర నేదియు ఆమె చూపదు, స్థాపకురాండ్ర పేర్లు ఆమె యెఱుగదు. లోపలికి రావలెను, అంతే. మాకు ఆ పిల్లయే ఎక్కువ నచ్చినది.

‘ది అదర్ విండ్’ అను నవల ఆ సంవత్సరమునదే. అందు మూడవ గ్రంథములోని మృతులలోకమును, గోడను, ఎండిన నదులను ఆమె మరల విచారణకు తెచ్చి, ఆ గోడ కట్టినది మనుష్యుల పేరాసయని తేల్చి పడద్రోయించెను. ముప్పది యేండ్లక్రిందట పాఠకులు కన్నీరు పెట్టుకొని చదివిన ఘట్టమది. దానిని మేము ఇప్పటికిని సగమే యొప్పుకొనగలిగితిమి. 2018 జనవరి 22వ తేదీన, ఎనుబది యెనిమిదవ యేట, పోర్ట్‌లండున ఆమె మరణించెను.

మా యింటి సంగతి చెప్పి విరమింతుము. మొదటి మూడు గ్రంథములు పదిపండ్రెండేండ్ల పిల్లలకు నిరభ్యంతరముగా చదివి చెప్పవచ్చును. చదువునపుడు ఆడపిల్లలెక్కడ యని పిల్లలడిగినచో మావలె బొంకరాదు. ‘టెహాను’లో కాలిన బిడ్డకు జరిగినది పసివారికి చెప్పదగినది కాదు, పదునాఱేండ్లు నిండినపిదప ఇయ్యవచ్చునని మా తలంపు. ఈ విషయమున మా యింట ఏకాభిప్రాయము లేదు. మా భార్య ఆ గ్రంథమును పది రాత్రులు వంటపని ముగిసిన తరువాత చదివి, మేము ముగింపును గూర్చి పైన వ్రాసినదంతయు విని, ఒప్పుకొనలేదు. డ్రాగను రాకకు మొదటి పుటనుండియే ఆ బిడ్డ ఎదురుచూచుచున్నదనియు, అది మాకు కనబడకపోయినచో పుస్తకమును మరల చదువుకొనవలసినదనియు ఆమె యభిప్రాయము. అందుచే మేము దానిని మరల మొదటినుండి చదువుచున్నాము. కొడుకు పళ్లెము ఘట్టమునకు వచ్చితిమి.